అద్దెకు తెచ్చిన పార్ మీటరు: తక్కువ వెలుతురు పగడాలతో మూడు రోజులు

డాలస్ శివార్లలో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరాన ఉన్న ఒక ఉప్పునీటి అక్వేరియం దుకాణంవారు పార్ మీటరును, అంటే పగడాలకు పనికొచ్చే వెలుతురును కొలిచే పరికరాన్ని, మూడు రోజులకు 40 డాలర్లు తీసుకుని అద్దెకిస్తున్నారు. తక్కువ వెలుతురులో పెరిగే రాతి పగడాలను ఇంట్లో పెంచుకునేవారికి ఈ సేవ ఎంతవరకు పనికొస్తుందో నా అనుభవం మీద రాస్తున్నాను.

ముందుగా నా పొరపాటు చెప్పుకోవాలి. మా 40 గ్యాలన్ల ట్యాంకులో ఇసుక మీద పెట్టిన బ్లాస్టోముస్సా అనే రాతి పగడం మొదటి నెల బాగానే విచ్చుకుంది. తరువాత దాని ఎర్రని కండ రోజురోజుకూ ముడుచుకుపోయి, పాలిప్‌ల (పగడంలోని ఒక్కొక్క చిన్న జీవి) అంచుల వెంట కింది సున్నపు గట్లు తెల్లగా బయటపడసాగాయి. వెలుతురు చాలడం లేదనుకుని ఎల్‌ఈడీ లైటును 40 శాతం నుంచి 55 శాతానికి పెంచాను. పది రోజులు తిరక్కుండానే ఎరుపు కాస్తా వెలిసిపోయిన నారింజ రంగుకు దిగింది. ఈ జాతికి తక్కువ వెలుతురు చాలునని అందరూ చెబుతారు గానీ, ఆ తక్కువ ఎంతో కంటితో తేల్చుకోలేము. ఇలాంటి లైట్లలో ఎక్కువగా ఉండే నీలి రంగు మన కంటికి అంతగా ఆనదు కాబట్టి, మనకు మసకగా తోచే మూలలో కూడా పగడపు కండలో ఉండే శైవలాలకు వెలుగు మితిమీరి అందుతూ ఉండవచ్చు.

దుకాణంవారు ఇచ్చినది అపోజీ ఎంక్యూ-510 అనే మోడల్ మీటరు. కిరణజన్య సంయోగక్రియకు ఉపయోగపడే వెలుతురు చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు పడుతోందో అది చూపిస్తుంది. నీటిలో ముంచినప్పుడు చేయవలసిన సవరణను పరికరమే చేసుకుంటుంది కనుక మనం మళ్లీ హెచ్చవేయనక్కరలేదు. సెన్సరును కడ్డీకి బిగించి, లైటు వైపు వంచకుండా నిటారుగా పైకి చూసేలా పగడం పక్కనే నిలబెట్టాలి. నీటి అలలకు అంకెలు గంతులు వేస్తుంటే అలల పంపును కాసేపు ఆపి, ఒక్కొక్క చోట మూడుసార్లు చూసి సగటు రాసుకున్నాను. బ్లాస్టోముస్సా ఉన్నచోట 160 వచ్చింది. దానికి నేను అనుకున్న హద్దు 50 నుంచి 100. ఆ హద్దులో ఉన్నవి రెండే చోట్లు: ముందు అద్దం ఎడమ మూలలో 85, రాయి చూరు కింద 55. లైటును మళ్లీ 40 శాతానికి దించి, పగడాన్ని చూరు నీడ అంచుకు జరిపాను.

వెలుతురు ఒక్కటే సరిచేస్తే పని అయిపోదని కూడా చెప్పాలి. రాతి పగడం కాల్షియం కార్బొనేటుతో అస్థిపంజరం కట్టుకుంటుంది కాబట్టి క్షారత నిలకడగా ఉండాలి. నేను దాన్ని 8.3 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచుతున్నాను, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. నీటి ప్రవాహం కండను మెల్లగా కదిలించేంత ఉంటే చాలు. లైట్లు ఆరిపోయి సన్నని స్పర్శకాలు బయటికి వచ్చాక, వారానికి రెండుసార్లు సన్నగా తరిగిన మైసిస్ రొయ్యలు పెడుతున్నాను.

ఏడు వారాలకు తెల్లని గట్లు మళ్లీ కండ కింద దాక్కున్నాయి. ఆ ఫొటోలు చూసి, విశాఖలో ఉండే మా బావమరిది తనకూ ఇలాంటిది ఒకటి కావాలని ముచ్చటపడ్డాడు. భారతదేశంలో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయని, అక్కడ ఇంట్లో పెంచుకోవడం కుదరదని చెప్పవలసి వచ్చింది.

దుకాణంవారి సేవలో నాకు నచ్చనివి రెండు. పెట్టె తెరిచేసరికి సెన్సరు తెల్లని ముఖం మీద ఎవరో వాడి వదిలేసిన ఉప్పు పొర కట్టి ఉంది. అలాగే ముంచితే 130 చూపిన చోటే, వెనిగరులో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచాక 160 చూపింది. పైగా మూడు రోజుల గడువును వారు మనం మీటరు తెచ్చుకున్న రోజునుంచే లెక్కపెడతారు. శుక్రవారం సాయంత్రం తెచ్చుకుంటే చేతికి మిగిలేది రెండు పగళ్లే. అయినా ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి అవసరం పడని పరికరానికి వందల డాలర్లు పోయడం కంటే ఈ 40 డాలర్లు నాకు దండగ అనిపించలేదు. లైటు మార్చినప్పుడు మళ్లీ అక్కడికే వెళతాను, కాకపోతే ఈసారి సెన్సరును వారి ఎదుటే తుడిపించుకుని తెచ్చుకుంటాను.