జోకర్ ఐటం: పాతదా, మార్చుకున్నదా, సొంతదా... ఏది మేలు?

సర్కస్‌లో కొత్తగా జోకర్ వేషం కట్టినవాడికి అసలు టెన్షన్ ముఖానికి రంగు పూసుకునేటప్పుడు ఉండదు. రింగులోకి దిగాక ఏం చేసి నవ్వించాలన్న దగ్గర మొదలవుతుంది. తరతరాలుగా అందరూ ఆడుతున్న పాత ఐటం ఒకటి ఉన్నదున్నట్టు నేర్చుకోవచ్చు. దాన్నే తీసుకుని తన ఒంటికీ తన తీరుకీ తగ్గట్టు మార్చుకోవచ్చు. లేదంటే మొదటి నుంచి చివరిదాకా సొంతంగా కట్టుకోవచ్చు. దొడ్డిదారి కూడా ఒకటుంది: ఇప్పుడు ఆడుతున్న మరో జోకర్‌కి పేరు తెచ్చిన ఐటంను ఎత్తుకొచ్చేయడం. పాత ఐటం ఆడటాన్నీ ఈ ఎత్తుకురావడాన్నీ ఒకే గాటన కట్టి ‘అంతా కాపీయే’ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా లెక్కలో ఆ రెండింటికీ పొంతనే లేదు.

పాతవాటిలో విలియం టెల్ ఐటం తీసుకోండి, కొడుకు నెత్తిన పెట్టిన యాపిల్‌ను బాణంతో కొట్టిన విలుకాడి కథకు వెక్కిరింపు అది. తెల్లముఖం జోకర్ దర్జాగా విల్లు పట్టుకుని, ఎర్రముక్కు జోకర్ నెత్తిన యాపిల్ పెట్టి, కదలొద్దని గద్దించి, అటు తిరిగి అడుగులు కొలుస్తూ వెళ్తాడు. ఇక్కడ వీడు టక్కున యాపిల్ తీసి ఒక్క కొరుకు కొరికి మళ్ళీ నెత్తిన పెట్టేసుకుంటాడు. కొరికిన పండు సరిగ్గా నిలబడదు, జారిపోతుంది. సర్దే వంకతో ఇంకో కొరుకు. అవతలివాడు గురిచూసేసరికి వీడి బుగ్గలు ఉబ్బిపోయి ఉంటాయి, నెత్తిన కాడ మాత్రం మిగిలి ఉంటుంది. బాణం దూసుకొస్తుందని తెలిసినా ఆకలి ఆపుకోలేకపోవడమే ఇందులో నవ్వంతా. ఆ ఆకలి ముఖంలో కనిపించకపోతే, చూసేవాళ్ళకి ఒక మనిషి యాపిల్ తిన్నాడంతే.

ఇలాంటి వాటికి ఒక కర్త అంటూ లేడు. చేతులు మారుతూ వచ్చినవి. ఫ్రెంచి సర్కస్ చరిత్రకారుడు ట్రిస్టాన్ రెమీ 1962లో ఇలాంటివి 60 పోగుచేసి అచ్చువేయించాడు. అమెరికాలో రింగ్లింగ్ సర్కస్ వాళ్ళు 1968 నుంచి 1997 దాకా నడిపిన క్లౌన్ కాలేజీ కూడా ఈ ఉమ్మడి సొత్తును బాగానే వాడుకుంది. కొత్తవాడికి ఇందులో ఉన్న పెద్ద లాభం, ఐటం పనిచేస్తుందని ముందే రుజువై ఉండటం. జనం నవ్వలేదంటే తేడా మన టైమింగులోనే ఉంది, వెతుక్కోవడం తేలిక. సొంతంగా కట్టింది పేలకపోతే లోపం అల్లికలో ఉందా, చేతిలో ఉందా, చూపులో ఉందా అన్నది తేల్చుకోవడానికే ఏళ్ళు పడతాయి.

నష్టమూ తక్కువేం కాదు. జనం ఐటంను గుర్తుపెట్టుకుంటారు గానీ ఆడినవాణ్ణి గుర్తుపెట్టుకోరు. ఆ చోట ఇంకొకరిని నిలబెట్టినా షో నడిచిపోతుంది. ఆ సంగతి యజమానికి బాగా తెలుసు, జీతం మాట్లాడేటప్పుడు మనకీ తెలుస్తుంది.

సొంత ఐటం అనగానే అందరూ చెప్పేది స్విట్జర్లాండ్‌కు చెందిన జోకర్ గ్రాక్ (1880–1959) గురించి. పియానో వాయిద్దామని కూర్చుంటాడు. స్టూలుకీ పియానోకీ మధ్య దూరం ఎక్కువైంది. స్టూలును ముందుకు లాక్కుంటే సరిపోయేదానికి, అంత బరువైన పియానోను ఆపసోపాలు పడుతూ స్టూలు దగ్గరికి నెట్టుకొస్తాడు. కాపీ కొట్టడానికి ఇంతకంటే తేలికైనది ఉండదు. కానీ దాని వెనక పియానో, వయొలిన్, కాన్సర్టినా (చేతుల్లో పట్టుకుని వాయించే చిన్న తిత్తి వాద్యం) నిజంగానే గొప్పగా వాయించగల మనిషి ఉన్నాడు. కుర్చీ సీటు ఊడి కాళ్ళు అందులో దిగబడితే, ఒక్క గెంతులో ఆ కుర్చీ వీపు అంచు మీద తేలి కూర్చోగల ఒళ్ళుంది. పియానో ఎవరైనా నెడతారు, నెట్టాక ఏం చేస్తారు?

రింగ్లింగ్ సర్కస్ జోకర్ లూ జాకబ్స్ సంగతీ అంతే. ఆరడుగుల మనిషి, బొమ్మకారు లాంటి బుల్లి కారులో రింగంతా తిరిగి, అందులోంచి మడతలు విప్పుకుంటూ బయటికి వచ్చేవాడు. దాన్ని కొట్టేయాలంటే ముందు అలాంటి కారు తయారుచేయాలి, ఆ తర్వాత అందులో ఒళ్ళు ముడవడం నేర్చుకోవాలి. గట్టి ఐటంకు దాని కష్టమే కాపలా.

ఇంత చెప్పాక సొంతదే మేలనిపించడం సహజం. అయితే జోకర్ పనిలో సగం, వేరేవాళ్ళ పని అయ్యేదాకా జనాన్ని కూర్చోబెట్టడం. పులుల బోను విప్పుతుంటారు, ట్రెపీజ్ (గాల్లో ఊగే ఉయ్యాల) కింద వల కడుతుంటారు. రెండు నిమిషాలన్నది ఐదైనా సాగదీయాలి, పని ముందే అయిపోతే టక్కున ముగించాలి. పాత ఐటంలు ఎన్నో రింగుల్లో నలిగి వచ్చినవి కాబట్టి ఎక్కడ కత్తిరించినా అతుకుతాయి. ముచ్చటపడి కట్టుకున్న కొత్త ఐటంను సగంలో ఆపితే అటూ ఇటూ కాకుండా పోతుంది. అందుకే ఖాళీలు నింపడానికి పాతవి, పోస్టర్ మీద పేరు పడే చోట సొంతవి అన్నది నాకు సబబుగా తోస్తుంది.

కానీ ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు నడిమి దారికి, అంటే పాతదాన్ని తనకు తగ్గట్టు మార్చుకోవడానికి. రింగ్లింగ్‌లోనే ఇద్దరు దేశదిమ్మరి వేషాలవాళ్ళు పేరుపొందారు, ఎమెట్ కెల్లీ, ఒట్టో గ్రీబ్లింగ్. ఇద్దరివీ చిరుగుల కోట్లే, మాసిన గడ్డాలే. కెల్లీ దిగులు ముఖంతో చీపురు పట్టుకుని, రింగులో పడిన స్పాట్‌లైట్ వెలుగును ఊడ్చేవాడు. వెలుగు కుంచించుకుపోతూ వచ్చేది, ఆయన ఊడుస్తూనే ఉండేవాడు. గ్రీబ్లింగ్ ఐసుగడ్డ మోసుకుంటూ దాన్ని తెప్పించుకున్న ఆవిడ కోసం ప్రేక్షకుల మధ్య వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆవిడ దొరకదు. షో మధ్యమధ్యలో మళ్ళీ కనిపిస్తాడు, ప్రతిసారీ చేతిలో గడ్డ ఇంకాస్త చిన్నది. వేషం అందరిదీ, అందులోని మనిషి మాత్రం ఎవరికి వారే.

అద్దం ఐటం కూడా చూడండి. అద్దం పగిలిపోయింది, చౌకట్టుకి అవతల నిలబడ్డవాడు ఇవతలివాడి ప్రతిబింబంలా నటించాలి. రంగస్థలం మీద ముందే ఉన్న ఈ సరుకును 1921లో ఫ్రెంచి హాస్యనటుడు మాక్స్ లిండర్ సినిమాలోకి తెచ్చాడు, 1933లో అమెరికన్ హాస్యనటులు మార్క్స్ సోదరులూ తమ సినిమాలో వాడుకున్నారు. వాళ్ళ దాంట్లో ‘ప్రతిబింబం’ చేతిలోంచి టోపీ జారిపడితే ఇవతలివాడు దాన్ని తీసి మర్యాదగా అందిస్తాడు. అద్దం లేదని తేలిపోయింది, అయినా ఆట ఆగదు! అరువు తెచ్చుకున్న ఐటంలో ఇలాంటి ఒక్క కొత్త మెలిక చాలు, దాన్ని ఎవరూ దొంగసొత్తు అనరు.

ఇక దొడ్డిదారి. చార్లీ రివెల్ అనే కాటలాన్ (స్పెయిన్‌లోని కాటలోనియాకు చెందిన) జోకర్ చాప్లిన్ వేషం కట్టి ట్రెపీజ్ ఎక్కేవాడు. అది చాప్లిన్ అనుకరణేనని చూసేవాళ్ళందరికీ తెలుసు, పైగా ఆ ట్రెపీజ్ విన్యాసం రివెల్ తెచ్చిపెట్టింది. అదే చార్లెస్ అమడార్ అనే నటుడు ‘చార్లీ ఆప్లిన్’ అని పేరు పెట్టుకుని అదే టోపీ, అదే కర్రతో సినిమాకి దిగితే, 1928లో కాలిఫోర్నియా కోర్టు చాప్లిన్ పక్షాన తీర్పిచ్చింది. ఇద్దరూ చేసింది అనుకరణే. ఒకడు చెప్పి చేశాడు, ఇంకొకడు జనాన్ని పొరబడేలా చేయబోయాడు.

చట్టం ఐడియాకి కాపలా కాయదు, దాన్ని ఆడి చూపించిన రూపానికి కాస్తుంది. మెజీషియన్ టెల్లర్ తన గులాబీ నీడ ఐటంను (నీడను కత్తితో కోస్తే అసలు పువ్వు రేకులు రాలతాయి) మూకాభినయ నాటికగా 1983లోనే రిజిస్టర్ చేయించుకోబట్టి, 2014లో అమెరికా కోర్టులో నెగ్గాడు. ఆ దూరదృష్టి ఎంతమంది జోకర్లకు ఉంటుంది? వాళ్ళ కట్టుబాటు వేరు. 1946లో లండన్‌లో స్టాన్ బల్ట్ అనే ఆయన జోకర్ల ముఖాలను గుడ్డు పెంకుల మీద చిత్రించడం మొదలుపెట్టాడు, అదే రానురాను ఒక రిజిస్టర్‌లా మారింది. చట్టబలం లేకపోయినా, ఒకరి ముఖం ఇంకొకరు వేసుకోకూడదన్న మాటకు అది గుర్తు. ముఖం విషయంలో ఇంత పట్టింపు ఉన్నవాళ్ళు ఐటం దగ్గరికొచ్చేసరికి చూసీచూడనట్టు పోవడం నాకు వింతగానే ఉంటుంది. నిజానికి కూడు పెట్టేది ఐటమే కదా!

ఇప్పుడు వీడియోల్లో అన్నీ దొరుకుతున్నాయి కాబట్టి ఎత్తుకురావడం మరీ తేలికైపోయింది. వీడియోలో కదలికలు దొరుకుతాయి గానీ, ఆ రాత్రి ఆ జనం నవ్వు తగ్గేదాకా అతను ఎందుకు ఆగాడో, ఎవరి వైపు చూశాడో పట్టుబడదు. బతికున్న జోకర్ ఐటం మీద మనసుపడితే ముందు ఆయన్ని అడగండి. సరేనంటే ఆయన ఆడే ఊళ్ళో ఆడకండి, ఐటం ఎవరిదో షోలో చెప్పించండి. వద్దంటే, అందులో మిమ్మల్ని అంతగా పట్టేసింది ఏమిటో విడదీసి చూసుకోండి. చాలాసార్లు అది ఒక చూపో, ఒక తడబాటో అయి ఉంటుంది. దాన్ని వేరే వస్తువుతో, వేరే కారణంతో మళ్ళీ కట్టుకోవచ్చు.