తిరుపతి ట్రిప్: కారు ఎక్కడ కడిగించాలి, ఎవరికి ఇవ్వకూడదు

కొత్త కారుకి కాణిపాకంలోనే పూజ చేయించాలని అమ్మ పట్టుబట్టింది. నెల్లూరు నుంచి బయల్దేరి తిరుపతిలో దిగి, కొండకెళ్లి, కాణిపాకం చూసుకుని తిరిగొచ్చాం. దర్శనం టికెట్ల సంగతులు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను బండి సంగతే రాస్తున్నా. మాది నల్ల రంగు కారు, ఎండ పడితే సన్నగీత కూడా దాగదు.

మొదట ఊళ్లో ఓ హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, టిఫిన్ బాగుంది. తెల్లారి కిందికి దిగేసరికి మేం అడక్కుండానే ఓ కుర్రాడు పొడి గుడ్డతో బానెట్ తుడిచేస్తున్నాడు. ఆపితే "ఏంగాదులేన్నా, అన్ని కార్లూ దీంతోనే తుడుస్తాం" అన్నాడు. నా భయం కూడా అదే! రంగు మీద ఉండే పారదర్శకమైన పూత (క్లియర్ కోట్) మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కూడా చాలావరకు అంతకంటే లావే. హైవే దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. నీళ్లు కొట్టకుండా గుడ్డ పెట్టి రుద్దితే అవే గీస్తాయి. ఎండలో లైటు చుట్టూ సాలెగూడులా కనిపించే గీతలు చాలావరకు ఇలా పడ్డవే. డబ్బులిచ్చి, అద్దాలు మాత్రం తుడవమన్నా.

తిరుమలలో రాత్రి మంచు కురిసి, పొద్దున కారంతా తడిసి ఉంది. తడిగా ఉంది కదా అని అక్కడా చాలామంది తువ్వాలుతో లాగేస్తున్నారు. ఆ కాస్త తడితో దుమ్ము జారిపోదు, బురదవుతుంది. నేను వైపర్‌తో ముందు అద్దం మాత్రం శుభ్రం చేసుకుని దిగొచ్చేశా. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో వస్తే బ్రేకులకీ మంచిది, ముందు చక్రాలకి పట్టే నల్లపొడీ తగ్గుతుంది.

కాణిపాకంలో పూజారి గారిని బొట్లు అద్దం మీద పెట్టమంటే నవ్వి సరేనన్నారు. బానెట్ మీద పడిన పసుపు, కుంకుమ మాత్రం పొడిగా తుడవకండి. కార్ షాంపూ కలిపిన నీళ్లు పోసి కాసేపు నాననిస్తే వాటంతటవే కారిపోతాయి. లేతరంగు బండ్లకి పసుపు మరక మిగిలినా కంగారు వద్దు, ఎండకి వెలిసిపోతుంది.

తిరిగొస్తూ రేణిగుంట రోడ్డులో ఒకచోట వాటర్ వాష్ చేయించా. గన్‌తో చక్రాల వెనక, అడుగున బురద వదలగొట్టడంలో వాళ్లకి వంక పెట్టలేం. ఫోమ్ కూడా బాగానే కొట్టారు. ఆ తర్వాత వాళ్లలో ఒకతను కింద పడ్డ స్పాంజినే తీసి డోరు మీద పెట్టబోయాడు! "ఫోమ్ కాసేపు ఉంచి నీళ్లు కొట్టేయండి చాలు, చెయ్యి పెట్టొద్దు" అన్నా. వింతగా చూశారు గానీ విన్నారు.

చివరి మజిలీ తిరుచానూరు వైపు ఓ హోమ్‌స్టే. గది మామూలుదే, వేడినీళ్లకి చాలాసేపు ఆగాలి. కానీ వేపచెట్టు నీడలో కుళాయి ఉంది, నాకు అదే ఏసీ గదికంటే ఎక్కువ. బస్సులోనో రైల్లోనో వచ్చేవాళ్లకి టీటీడీ వసతి గదులుండే శ్రీనివాసం, విష్ణు నివాసం దగ్గర; సొంత కారుంటే నేనైతే ఇలాంటి ఇల్లే చూస్తా. పొద్దున్నే, బానెట్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టా. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. మైక్రోఫైబర్ గ్లౌజుతో రూఫ్ నుంచి కిందికి, గుండ్రంగా తిప్పకుండా నిలువుగా లాగి, ప్రతిసారీ మంచినీళ్లలో జాడించా. ఆ బకెట్ అడుగున పేరుకున్న ఇసుక చూసి అమ్మే ఆశ్చర్యపోయింది. చక్రాలు చివర్లో, వేరే గుడ్డతో. బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి వెంటనే టవల్ పరిచి అద్దాలి, రుద్దకూడదు.

ఎండాకాలం వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి అడగండి. బోరులో నీళ్లు తగ్గితే కారు కడగనివ్వం అని ఆ ఇంటాయన ముందే చెప్పేశారు.