విదేశాలకు పచ్చళ్ల ప్యాకింగ్: విజయనగరం గంటస్తంభం దగ్గరి దుకాణం

జూలై, ఆగస్టుల్లో ఈ దుకాణం నిండా చదువులకి వెళ్లే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలే.

ప్యాకింగ్‌కి పూర్తి మార్కులు. అరకిలో చొప్పున మందపాటి కవర్లో నింపి, పైన నాలుగు వేళ్ల జాగా వదిలి, అంచుకి అంటిన నూనెని పొడిగుడ్డతో తుడిచి అతికిస్తారు. దాన్ని మళ్లీ ఇంకో కవర్లో పెడతారు. అంచున నూనె ఉంటే అతుకు నిలవదు, బట్టలన్నీ ఆవకాయే. కొత్తావకాయ అడిగినా కట్టరు. ఊట పూర్తిగా దిగని పచ్చడి కవర్లో పులిసి ఉబ్బుతుంది.

అసలు గొడవ తూకం దగ్గర. పెట్టెకి 23 కిలోలే అని తెలిసీ అమ్మలు "ఇంకో అరకిలో వెయ్యి బాబూ" అంటారు, పిల్లలు ఫోన్లో తల దూర్చేస్తారు. ఇద్దరిదీ బెంగే. ఆ అరకిలో బదులు భీమాలి తాండ్ర, పలాస జీడిపప్పు పెట్టించండి. కారవు, పరీక్షల రోజుల్లో పొయ్యి వెలిగించక్కర్లేదు. పచ్చడి చేతిసంచిలో వద్దు, 100 మిల్లీలీటర్లు దాటితే తనిఖీలో తీసేస్తారు. మాంసం పచ్చళ్లు అమెరికాకి, బ్రిటన్‌కి కుదరవు. బ్రిటన్‌కి పాలకోవా కూడా అంతే.

లోపమల్లా లేబుల్. పదార్థాల పేర్లు ఇంగ్లిషులో ఉండవు, చేత్తో రాసిన తేదీ నూనె తగిలితే చెరిగిపోతుంది. ఆస్ట్రేలియాలో దిగగానే తిండి సామాను ఉందని ప్రయాణికుల కార్డులో రాసి చూపించాలి కనుక, వివరాలు మీరే ముద్రించి అంటించుకోండి.

సెలవులకి తిరిగొచ్చినవాళ్లకి కారం తగ్గించి కలిపిస్తారు. రెండేళ్లకే నాలుక మారిపోయిందని అమ్మలు చిన్నబుచ్చుకుంటారు గానీ, అది మామూలే. ఆ రకం కావాలంటే ముందురోజు చెప్పాలి.