బోయిన్‌పల్లి మార్కెట్ చెత్త కరెంటు: నా కర్రీ పాయింట్ లెక్క

మాది చిన్న కర్రీ పాయింట్. కూరగాయల కోసం తెల్లవారుజామునే హైదరాబాద్ బోయిన్‌పల్లి హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్తాను. అక్కడి బయోగ్యాస్ ప్లాంటు గురించి 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. ఆ తర్వాత ఒకరోజు బేరాలు ముగించుకుని చూడ్డానికి వెళ్ళాను.

మెత్తబడిన టమాటాలు, క్యాబేజీ ఆకులు బెల్టు మీద వెళ్ళి ముక్కలై గుజ్జవుతాయి. ఆ గుజ్జు గాలి చొరబడని ట్యాంకులో పులుస్తుంది. మన ఇడ్లీ పిండి పులిసినట్టే, కాకపోతే ఇక్కడ మీథేన్ అనే మండే గ్యాస్ వస్తుంది. దాంతో జనరేటర్ తిరుగుతుంది. ఈ పద్ధతి మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఇక లెక్క. రోజుకి 10 టన్నుల చెత్తకి సుమారు 500 యూనిట్లు, అంటే యూనిట్‌కి 20 కిలోలు. మా కొట్లో రోజూ వచ్చే తొక్కలు, తొడిమలు 12 కిలోలు, అంటే ఒక్క యూనిట్ కూడా రాదు. మా డీప్ ఫ్రీజర్ ఒక్కటే రోజుకి నాలుగు యూనిట్లు లాగుతుంది! కరెంటు కోసమే అయితే ఇది గిట్టుబాటయ్యే పని అనను. కానీ ఆ కరెంటుతోనే మార్కెట్లో వీధి దీపాలు, 170 దుకాణాలు వెలుగుతాయి. క్యాంటీన్‌కి రోజూ 30 కిలోల దాకా గ్యాస్ వస్తుంది, మిగిలింది ఎరువు. పైగా 10 టన్నుల కుళ్ళు డంప్‌యార్డుకి లారీ ఎక్కదు. నాకు అదే పెద్ద లాభంగా కనిపించింది.

ఊరి చెత్తంతా ఇలా చేయొచ్చా? మార్కెట్లో వచ్చేది కూరగాయే కాబట్టి పని నడుస్తుంది. ఇళ్ళ చెత్తలో డైపర్లు, గాజుపెంకులు, కవర్లు. దాన్ని కాల్చి కరెంటు తీద్దామన్నా తడి అడ్డం. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో కట్టిన ప్లాంటు, చెత్త కాలితే చాలినంత వేడి రాకే మూతపడింది. నేను తడి, పొడి విడివిడిగా ఇస్తాను. మా వీధికొచ్చే ఆటోలో రెండూ ఒకే గుట్టలో పడతాయి. రోజూ చూస్తూ బాధపడుతుంటాను.

నా మాటగా ఈ ప్లాంటుకి 5కి 4 ఇస్తాను. ఇలాంటివి ముందు రైతుబజార్ల దగ్గర, ఫంక్షన్ హాళ్ళ దగ్గర పెట్టండి. అక్కడ చెత్త విడిగానే దొరుకుతుంది.