పైథాన్ బేస్64 మాడ్యూల్: చాలాకాలం వాడాక నా అంచనా

బైట్లను మామూలు అక్షరాలుగా మార్చి (ఎన్‌కోడ్), తిరిగి బైట్లుగా విప్పే (డీకోడ్) ఈ మాడ్యూల్ పైథాన్‌తో పాటే వస్తుంది కాబట్టి దీన్ని ఎవరూ పెద్దగా పరీక్షించి చూడరు. ఫొటోని జేసన్‌లో (డేటాని పాఠంగా రాసే పద్ధతి) పంపాలన్నా, సంతకం చేసిన టోకెన్ విప్పాలన్నా నేరుగా దీన్నే వాడేస్తాం. ఎన్‌కోడ్ చేసే వైపు నాకు ఒక్క లోపమూ కనిపించలేదు. డీకోడ్ చేసే వైపు డిఫాల్ట్ సెట్టింగ్ మాత్రం తప్పు అని గట్టిగా చెబుతాను.

ముందు లెక్క. 3 బైట్లు, అంటే 24 బిట్లు, ఆరేసి బిట్ల చొప్పున 4 అక్షరాలవుతాయి. చివర్లో 1 బైటు మిగిలితే ==, 2 మిగిలితే = వచ్చి చేరుతుంది. 1,000 బైట్లకు 1,336 అక్షరాలు. డేటాబేస్ కాలమ్ వెడల్పు ఈ లెక్కతోనే పెట్టాలి. 'సుమారు మూడోవంతు ఎక్కువ' అని ఉజ్జాయింపుగా పెడితే చివరి రెండు మూడు అక్షరాలు తెగిపోతాయి.

తెలుగు పాఠంతో పనిచేసేవాళ్లకు ఒక మంచి గుర్తు ఉంది. యూటీఎఫ్-8లో (పాఠాన్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు కోడ్‌పాయింట్, అంటే యూనికోడ్‌లో ఒక అక్షరం లేదా గుణింతపు గుర్తు, ఒక్కొక్కటి సరిగ్గా 3 బైట్లు, కాబట్టి బేస్64లో సరిగ్గా 4 అక్షరాలు. మధ్యలో స్పేస్ లాంటి ఒక బైటు గుర్తు వచ్చి వరస జరగనంతవరకు మొదటి మూడూ '4ఎల్‌సీ' లేదా '4ఎల్‌జీ'. లాగ్ ఫైల్లో ఈ వరస పదేపదే కనిపిస్తే లోపల ఉన్నది తెలుగే అని విప్పకుండానే చెప్పొచ్చు. 'తెలుగు' అనే మాటలో 6 కోడ్‌పాయింట్లు, 18 బైట్లు, 24 అక్షరాలు; చివర = ఉండదు. ఈమెయిల్ సబ్జెక్టును చేత్తో తయారుచేస్తుంటే ఇదే లెక్క పనికొస్తుంది. ఒక్కో ఎన్‌కోడెడ్ ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముందూ వెనకా గుర్తులు పోగా 15 కోడ్‌పాయింట్లు పడతాయి. కోడ్‌పాయింట్ మధ్యలో కోస్తే అవతల అక్షరాల బదులు ప్రశ్నార్థకాల డబ్బాలు కనిపిస్తాయి.

ఇక అసలు సమస్య. డీకోడ్ చేసే బి64డీకోడ్ ఫంక్షన్‌కి వేలిడేట్=ట్రూ (గుర్తులను సరిచూడమనే సెట్టింగ్) ఇవ్వకపోతే, బేస్64 వాడే 64 అక్షరాల వర్ణమాలలో లేని గుర్తు ఏది కనిపించినా చప్పుడు చేయకుండా పారేసి ముందుకు పోతుంది. దీనివల్ల జరిగేది చూడండి. బేస్64 పాఠాన్ని యూఆర్ఎల్‌లో అలాగే పెడితే + గుర్తు అవతల స్పేస్ అవుతుంది. డీకోడర్ ఆ స్పేస్‌ని పారేస్తుంది. ఒక అక్షరం తగ్గింది కాబట్టి 'ఇన్‌కరెక్ట్ ప్యాడింగ్' (చివరి = గుర్తుల లెక్క తప్పు) అంటుంది. దాంతో చాలామంది చివర ఒక = అతికిస్తారు. ఎర్రర్ పోతుంది, కానీ ఆ + ఉన్న చోటి నుంచి ప్రతి బైటూ 6 బిట్లు జరిగి ఉంటుంది. జిప్ ఫైల్ తెరుచుకోదు, ఫొటో సగం నుంచి బూడిదరంగులోకి పోతుంది. నాలుగు + గుర్తులు పోతే అసలు ఎర్రరే రాదు.

ఇంకొకటి ఇంతకంటే మోసకారి. బి64ఎన్‌కోడ్ ఇచ్చేది స్ట్రింగ్ కాదు, బైట్స్. దాన్ని ఆస్కీగా డీకోడ్ చేయకుండా ఎస్‌టీఆర్ ఫంక్షన్‌లో పెడితే ముందున్న 'బి' అక్షరం, కోట్‌లు కూడా పాఠంలో కలిసిపోతాయి. అవతల డీకోడర్ కోట్‌లను పారేస్తుంది, 'బి'ని మాత్రం డేటాగా తీసుకుంటుంది. అసలు పాఠం చివర ఒకే ఒక్క = ఉన్నప్పుడు అక్షరాల లెక్క నాలుగుకి సరిపోతుంది, మిగిలిన = ని వదిలేస్తుంది, చెత్త బైట్లు ఏ హెచ్చరికా లేకుండా చేతికొస్తాయి.

అందుకే వేలిడేట్=ట్రూ లేని డీకోడ్ కాల్‌ని కోడ్ రివ్యూలో నేను ఒప్పుకోను. మెయిల్ నుంచి వచ్చిన పాఠంలో 76 అక్షరాలకో కొత్త లైను ఉంటుంది కాబట్టి, ముందు ఆ లైను గుర్తులను మనమే తీసేయాలి. + / బదులు - _ ఉన్న పాఠాన్ని విప్పే యూఆర్ఎల్‌సేఫ్ డీకోడ్ ఫంక్షన్‌కి వేలిడేట్ అనే ఆర్గ్యుమెంటే లేదు. దాని బదులు బి64డీకోడ్‌కే ఆల్ట్‌చార్స్‌గా (బదులు గుర్తులుగా) - _ ఇచ్చి వాడండి.

జేడబ్ల్యూటీ అనే సంతకం చేసిన టోకెన్లలో = ఉండదు, మనమే కలపాలి. పొడవును 4తో భాగిస్తే శేషం 2 అయితే రెండు, 3 అయితే ఒకటి. శేషం 1 వస్తే ఏం కలిపినా ప్రయోజనం లేదు, పాఠం ఎక్కడో తెగింది. తెచ్చిన చోటికే వెళ్లి చూడాలి.

పెద్ద ఫైళ్లను ముక్కలుగా ఎన్‌కోడ్ చేసేటప్పుడు ముక్క సైజు 3తో భాగింపబడాలి. అందరూ అలవాటుగా పెట్టే 4,096 భాగింపబడదు. ప్రతి ముక్క చివరా == వస్తుంది, డీకోడర్ మొదటి దాని దగ్గరే ఆగి మిగతాదంతా వదిలేస్తుంది. 57ని 1,024తో గుణించి 58,368 పెట్టుకుంటే ఇబ్బంది లేదు. మాడ్యూల్‌లోనే ఉన్న ఫైల్ ఎన్‌కోడ్ ఫంక్షన్ లైనుకి 57 బైట్లు చొప్పున చదువుతుంది. చిన్న ఫైళ్లకు చాలు.

మిగతావి క్లుప్తంగా. బేస్32 (32 అక్షరాలే వాడే పద్ధతి) ఓటీపీ యాప్‌ల రహస్య కీలకు బాగుంటుంది, చేత్తో టైప్ చేసేటప్పుడు సున్నా, ఒకటి గందరగోళం ఉండదు. పైథాన్ 3.4లో వచ్చిన బేస్85 నాలుగు బైట్లకు 5 అక్షరాలే తీసుకుంటుంది గానీ, అవతలివాళ్ల లైబ్రరీలో అది ఉందో లేదో ముందే అడగండి. హ్యాష్‌లకు (డేటా మారిందో లేదో తేల్చే వేలిముద్ర లాంటి విలువలు) మాత్రం హెక్స్ (16 గుర్తులతో రాసే పద్ధతి) చాలు: ఎస్‌హెచ్ఏ-256కి 64 అక్షరాలు, కంటితో పోల్చుకోవచ్చు. పాత ఎన్‌కోడ్‌స్ట్రింగ్ ఫంక్షన్ 3.9లో తీసేశారు, ఇప్పుడు దాని స్థానంలో ఎన్‌కోడ్‌బైట్స్ వాడాలి.

పాస్‌వర్డ్‌ని లినక్స్ టెర్మినల్లో ఎకోతో బేస్64 కమాండ్‌కి ఇచ్చి ఎన్‌కోడ్ చేస్తే చివర కొత్త లైను గుర్తు కూడా కలుస్తుంది, సర్వర్ లాగిన్‌ని తిరస్కరిస్తుంది. ప్రింట్‌ఎఫ్ వాడితే అది కలవదు. పొడవైన పాఠాన్ని ఆ బేస్64 కమాండ్ 76 అక్షరాలకు విరుస్తుంది కూడా. ఒకే లైనులో కావాలంటే డబ్ల్యూ ఆప్షన్‌కి 0 ఇవ్వండి.