ఛార్జింగ్ లైటా, సెల్స్ టార్చా: ఏది మేలు?

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. మొన్నటిదాకా నేను ఛార్జింగ్ లైటు వైపే. గది నిండా వెలుగు, సెల్స్ కొనే బాధ లేదు. గంటా రెండు గంటలు కరెంటు పోయేదానికి ఇప్పటికీ దాని తర్వాతే ఏదైనా.

ఈమధ్య ఓ రాత్రి గాలివానకు కరెంటు పోయింది. బీరువా మీది ఎమర్జెన్సీ లైటు దించి స్విచ్ నొక్కితే ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. ఛార్జింగ్ పెట్టి ఏడు నెలలైందని అప్పుడు గుర్తొచ్చింది. పెడదామంటే కరెంటేదీ?

అందుకే ఎవరడిగినా నేను ముందు చూడమనేది ఒక్కటే: మనం మర్చిపోతే ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? పాత తరహా ఎమర్జెన్సీ లైట్లలో ఎక్కువగా ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. వాడకపోయినా నెలనెలా కొంత దిగిపోతుంది. పూర్తిగా దిగాక అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంతసేపు పెట్టినా ఛార్జింగ్ సరిగా ఎక్కదు. లిథియం బ్యాటరీ దానికంటే చాలా నయం, అయినా రెండు మూడు నెలలకోసారి చూసుకోవాల్సిందే. అదే మంచి ఆల్కలైన్ సెల్స్ అయితే ప్యాకెట్ విప్పకుండా పొడిచోట ఉంచితే ఐదు నుంచి పదేళ్లు ఉంటాయి. అయిపోతే మార్చడం నిమిషం పని.

దీనికీ ఓ జబ్బుంది. సెల్స్ టార్చిలోనే వదిలేస్తే కారతాయి. స్ప్రింగుకు తెల్లగా పొడి పట్టి టార్చే పాడవుతుంది. నేను ప్యాకెట్‌ను టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచుతున్నాను. చీకట్లో ప్లస్సూ మైనస్సూ కనబడవు కదా అంటారా? చదునుగా ఉన్న వైపు స్ప్రింగుకు తగలాలి, చాలా టార్చిల్లో అంతే. కళ్లు మూసుకుని ఒకసారి వేసి చూడండి, వేళ్లకే తెలుస్తుంది.

ఫోన్ లైటు ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. ఆ ఛార్జింగ్ కాల్స్‌కి దాచుకోండి. కొవ్వొత్తి వద్దు, భూకంపం తర్వాత గ్యాస్ లీకవుతుంటే మరీ వద్దు. చేత్తో తిప్పే టార్చి ఉంటే మంచిదే గానీ, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఎంతసేపు తిప్పుతాం?

ఛార్జింగ్ లైటును పారేయలేదు. హాల్లో ప్లగ్గు పక్కనే ఉంటోంది. మంచం తలాపున మాత్రం సెల్స్ టార్చే.