తలకోనా, నాగలాపురమా?

ఫాల్గుణంలో అడవి వాగు వెంట నడవాలంటే తిరుపతి జిల్లాలో నాకు ముందు గుర్తొచ్చేవి ఈ రెండే.

ఖర్చు: తలకోనకు ప్రవేశ రుసుము, బస. నాగలాపురానికి తిండి, నీళ్లు మోసుకెళ్లాలి.

శ్రమ: తలకోనలో సిద్ధేశ్వరాలయం దాటి కాస్త నడిస్తే 270 అడుగుల జలపాతం. నాగలాపురంలో వాగే దారి. బండ మీంచి బండకు దాటుతూ రోజంతా నడక.

ప్రమాదం: నాగలాపురం మడుగుల్లో అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు. ఆ తేటదనాన్ని నమ్మకండి, లోతు తెలియక ప్రాణాలు పోయాయి. పాచి పట్టిన రాయి మీద తడి బూటు నిలవదు. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి లేకుండా వెళ్లనే వద్దు.

మార్చి నాటికి తలకోన ధార సన్నబడుతుంది.

పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే తలకోన. ఈత వచ్చి, మోకాళ్లు గట్టిగా ఉంటే నాగలాపురం.